1953 షెవ్రొలే బాడీ కిందికి 1998 ఛాసిస్

ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసుకు 116 అంగుళాలు. షెవ్రొలే సంస్థ 1947 నుండి 1955 తొలి నెలల దాకా తయారు చేసిన 3100 అనే అర టన్ను పికప్ ట్రక్కు వీల్‌బేస్ అది. టెక్సాస్‌లో మా ఇంటి షెడ్డులో ఇప్పుడు జరుగుతున్న పనిలో ప్రతి నిర్ణయమూ ఈ కొలతకు లోబడే ఉంది. 1953 నాటి ఆ ట్రక్కు బాడీని అదే సంస్థ 1998లో అమ్మిన ఎస్-10 అనే చిన్న పికప్ ఛాసిస్ మీద కూర్చోబెడుతున్నాము. ఈ పని గురించి తెలుగులో వివరంగా రాసినవారు నాకు కనిపించలేదు కనుక, కొలతలతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాకు తోడుగా ఉన్న మిత్రుడు విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాడు. వాళ్ళ నాన్నగారు లారీలకు బాడీలు కట్టేవారు. మన దగ్గర లారీ కొనేవారు చాలామంది ఇంజను, బానెట్ భాగం, ఛాసిస్ మాత్రమే కొని, క్యాబిన్‌నూ తొట్టినీ ఆటోనగర్ వంటి చోట కట్టించుకోవడం తరతరాలుగా ఉన్న అలవాటు. అక్కడ ఛాసిస్ ముందుగా వస్తుంది, బాడీ దాని కొలతకు తగినట్టు తయారవుతుంది. మా పనిలో వరుస తిరగబడింది. బాడీ డెబ్బై ఏళ్ళ క్రితమే తయారై ఉంది, దానికి తగినట్టు ఛాసిస్‌ను సవరించాలి. ఈ ఒక్క తేడాను మనసులో గట్టిగా పెట్టుకున్నవారి బండి చూడముచ్చటగా వస్తుందనీ, పని సులువు కోసం బాడీనే కోసుకుంటూ పోయినవారి బండి ఎంత ఖరీదైన రంగు వేసినా ఎక్కడో ఎబ్బెట్టుగా కనబడుతుందనీ నా గట్టి నమ్మకం.

ఈ ట్రక్కు చరిత్ర కొంత చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత షెవ్రొలే పూర్తిగా కొత్త రూపంతో తెచ్చిన ట్రక్కుల శ్రేణికి అడ్వాన్స్ డిజైన్ అని పేరు పెట్టారు. 1947 జూన్ 28న అవి అమ్మకానికి వచ్చాయి. గుండ్రటి మడ్‌గార్డులు, వాటిలో పొదిగిన హెడ్‌లైట్లు, అయిదు అడ్డపట్టీల గ్రిల్, నిలువు పట్టీ కలిపిన రెండు ముక్కల ముందు అద్దం చూడగానే ఆ కాలపు అమెరికా పల్లె గుర్తుకు వస్తుంది. 1949 నుండి పెట్రోలు ట్యాంకును క్యాబిన్ లోపల సీటు వెనుక పెట్టారు. 1951 నుండి తలుపులకు చిన్న గాలి కిటికీలు వచ్చాయి. 1954లో ముందు అద్దం ఒకే ముక్కయింది, గ్రిల్ మారింది. ఒక్కో ఏడు ఒక్కో చిన్న మార్పు వచ్చినందువల్ల, తలుపు పిడిని చూసి కూడా ఏ ఏటి బండో చెప్పగలిగిన వృద్ధులు ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

అంత మంచి బండికి కొత్త ఛాసిస్ ఎందుకు అని అడిగేవారికి నా సమాధానం రోడ్డును బట్టి ఉంటుంది. ముందు వైపు రెండు చక్రాలనూ కలిపే ఒకే ఉక్కు దూలం, దాని కింద కమాన్ కట్టలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, అన్నిటికీ కలిపి ఒకే ఒక బ్రేకు ఆయిల్ దారి. ఆ ఒక్క దారిలో ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఇంజన్ 216 ఘనపుటంగుళాలది, అంటే సుమారు మూడున్నర లీటర్లు. అందులో కనెక్టింగ్ రాడ్ల బేరింగులు మెత్తటి మిశ్రలోహాన్ని కరిగించి పోసి చెక్కినవి. రాడ్ల అడుగున ఉన్న చిన్న గరిటెలు నూనె తొట్లను తాకుతూ వాటికి నూనె అందిస్తాయి. వెనుక ఇరుసు గేరు నిష్పత్తి 4.11 కనుక, గంటకు 60 మైళ్ళ వేగం దగ్గరే ఇంజన్ మూడు వేల చుట్లకు చేరువలో తిరుగుతుంది. పొలం నుండి జిన్నింగు మిల్లుకు పత్తి చేరవేయడానికి ఆ అమరిక చక్కగా సరిపోయింది. 70, 75 మైళ్ళ వేగపరిమితి ఉన్న నేటి టెక్సాస్ రహదారుల మీద, ముందున్న కారు హఠాత్తుగా ఆగితే, దానిని నమ్ముకుని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అయితే అన్ని పాత బండ్లకూ ఈ మార్పు చేయకూడదు. ఇంజన్, గేర్‌బాక్సు, ఇరుసులు, ఛాసిస్ అన్నీ తయారైనప్పటివే ఉండి, నడిచే స్థితిలో ఉన్న బండిని విడదీసి కింద ఆధునిక ఛాసిస్ పెట్టడం తప్పని నేను అనుకుంటాను. అటువంటివి ఏటేటా తగ్గిపోతున్నాయి, వాటిని యథాతథంగా కాపాడుకోవాలి. మా బండి పరిస్థితి వేరు. లబ్బక్ దగ్గర ఒక పత్తి రైతు షెడ్డులో పడి ఉన్న ఈ ట్రక్కుకు ఇంజన్, గేర్‌బాక్సు ఏనాడో పోయాయి, వెనుక ఇరుసును ఎవరో ట్రైలరుకు వాడుకున్నారు, ఛాసిస్ వెనుక భాగం వంగి ఉంది. మిగిలింది బాడీ ఒక్కటే. పశ్చిమ టెక్సాస్ పొడి నేల కావడం వల్ల ఆ రేకు మాత్రం చాలా వరకు గట్టిగా ఉంది.

ఛాసిస్ ఎంపికలో ఎస్-10కు ఇక్కడ పెద్ద పేరుంది. 1982 నుండి 2004 దాకా తయారైనందున పాత సామాన్ల యార్డులలో తేలికగా దొరుకుతుంది, విడిభాగాలు చవక. పైగా బండి మొత్తం బరువులో కూడా రెండు ట్రక్కులూ 3,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ ఉండటం వల్ల స్ప్రింగులు మార్చే పని పెద్దగా ఉండదు. ఎస్-10 మూడు పొడవులలో వచ్చింది: పొట్టి తొట్టి ఉన్నదానికి వీల్‌బేస్ 108.3 అంగుళాలు, పొడవు తొట్టి ఉన్నదానికి 117.9, క్యాబిన్ పొడిగించినదానికి 122.9. పొట్టిదాన్ని తీసుకుంటే ఛాసిస్‌ను కోసి దాదాపు ఎనిమిది అంగుళాలు పొడిగించాలి, పొడిగించిన క్యాబిన్‌దైతే ఏడు అంగుళాలు కోసి దగ్గరకు చేర్చాలి. రెండూ చేసేవారున్నారు, మెట్లుగా కోసి లోపల పలకలు వేసి బాగా అతికేవారూ ఉన్నారు. కానీ ఛాసిస్ పట్టీని అడ్డంగా కోయకుండా పని జరిగే దారి ఉన్నప్పుడు ఆ దారే మేలు. 117.9కీ 116కీ మధ్య ఉన్నది 1.9 అంగుళాలు మాత్రమే. ఆ మేరకు వెనుక ఇరుసును ముందుకు జరిపితే చాలు.

ఫోర్డు సంస్థ పాత పికప్ ఎఫ్-100 ఉన్నవారు ఇదే తర్కంతో అదే సంస్థ క్రౌన్ విక్టోరియా పోలీసు కార్ల ఛాసిస్‌ను ఎంచుకుంటున్నారు. 1961 నుండి 1964 దాకా వచ్చిన పొట్టి తొట్టి ఎఫ్-100 వీల్‌బేస్ 114 అంగుళాలు, క్రౌన్ విక్టోరియాది దానికి అంగుళం తేడాలో ఉంటుంది. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, వి-8 ఇంజన్ కలిసి వస్తాయి. 2011లో ఆ కారు తయారీ ఆగిపోయాక, పోలీసు శాఖలు వేలం వేసిన కార్లు ఎన్నో ఇలా పాత ట్రక్కుల కిందికి చేరాయి.

ఎస్-10 బాడీని విప్పే ముందే ఒక పని పూర్తి చేయాలి. బండి తన నాలుగు చక్రాల మీద, తన బరువుతో నిలబడి ఉండగా, ఛాసిస్ పట్టీ నేల నుండి ఎంత ఎత్తులో ఉందో నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. పై బరువు తీసేయగానే స్ప్రింగులు లేచిపోతాయి, అప్పుడు ఛాసిస్ ఎత్తు నిజమైన ఎత్తు కాదు. మేము విప్పిన తరువాత ఛాసిస్‌ను స్టాండ్ల మీద, రాసుకున్న ఆ ఎత్తులకే, రసమట్టం పెట్టి సరిచూసి నిలబెట్టాము. ఆ తరువాత బాడీ అమర్చే దాకా దానిని కదపలేదు.

పాత క్యాబిన్‌ను దాని ఛాసిస్ నుండి లేపే ముందు తలుపుల సందులలో ఉక్కు గొట్టాలు అడ్డంగా, ఐమూలగా వెల్డ్ చేశాము. ఈ క్యాబిన్లలో తుప్పు ఎక్కువగా పట్టేది వెనుక కింది మూలలు, తలుపుల కింది గడపలు, కాళ్ళు పెట్టే చోటి నేల రేకు. ఆ భాగాలు కోసి కొత్త రేకు వేస్తున్నప్పుడు, గొట్టాల ఆసరా లేకపోతే క్యాబిన్ తన బరువుకే సాగిపోతుంది, ఆ తరువాత తలుపు ఏ ఏడూ సరిగ్గా పడదు. టింకరింగు పని మొత్తం మిత్రుడే చేశాడు. ఒక మూల రేకు అతికేటప్పుడు అంగుళం వెల్డ్ వేసి, ఆపి, అవతలి చివర మరో అంగుళం వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ మధ్యలో వేస్తూ వచ్చాడు. ఒకే వరుసగా వేస్తే వేడికి రేకు అలలు తేలుతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టిన ఆ జానెడు మూల చీకటి పడ్డాకగానీ పూర్తి కాలేదు, ఆరిన తరువాత చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియలేదు.

ఇక అసలు విషయం, చక్రం మడ్‌గార్డులో ఎక్కడ నిలవాలన్నది. చాలామంది ముందుగా క్యాబిన్‌ను ఛాసిస్ మీద దించి, నట్లు బిగించి, ఆ తరువాత మడ్‌గార్డులు తగిలిస్తారు. అప్పుడు ముందు చక్రం మడ్‌గార్డు కోతకు అంగుళం వెనగ్గానో ముందుకో వస్తుంది. ఆ లోటును కప్పడానికి మడ్‌గార్డు అంచు కోస్తారు. మేము క్యాబిన్‌నూ, ముందు మడ్‌గార్డులనూ, రేడియేటరు చట్రాన్నీ, బానెట్‌నూ విడిగా కలిపి బిగించి, ఒకే వస్తువుగా గొలుసులతో ఎత్తి ఛాసిస్ మీద వేలాడదీశాము. మడ్‌గార్డు కోత మధ్యబిందువు నుండి తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండును దించి, అది చక్రం హబ్బు మధ్యకు సరిగ్గా ఎదురుగా నిలిచే దాకా మొత్తాన్ని గోరంత గోరంతగా జరిపాము. రెండు వైపులా కుదిరిన తరువాతే క్యాబిన్ చోటు తేలింది, దాని వెనుక తొట్టి చోటు తేలింది, తొట్టి మడ్‌గార్డుల మధ్యను బట్టి వెనుక ఇరుసు చోటు తేలింది. లెక్క ప్రకారం 116 అంగుళాలు రావలసిన చోట తూకం గుండు కూడా అదే చెప్పింది.

ఆ రోజు మిత్రుడు మడ్‌గార్డు అంచు మీద చెయ్యి వేసి, "అన్నా, మా నాన్న ఛాసిస్‌కు తగ్గట్టు ఎన్నో తొట్లు కోశాడు. ఇది మాత్రం కొయ్యనియ్యను" అన్నాడు.

వెనుక ఇరుసును జరపడానికి కమాన్ కట్టల ముందు, వెనుక బ్రాకెట్ల రివెట్ల తలలు అరగదీసి, మధ్యలో డ్రిల్లు వేసి, ఉలితో కొట్టి తీశాము. బ్రాకెట్లను 1.9 అంగుళాలు ముందుకు జరిపి, కొత్త రంధ్రాలలో అధిక గట్టిదనం గల గ్రేడ్ 8 బోల్టులు వేశాము. షాక్ అబ్జార్బర్ల పై బ్రాకెట్లనూ అదే మేర జరపాలి. ప్రొపెల్లర్ షాఫ్టును కూడా ఆ మేరకు పొట్టి చేయించి, బాలెన్సింగు చేయించాలి. ఆ పని షాఫ్టులు చేసే దుకాణానికే అప్పగించాము, ఇంట్లో చేయదగినది కాదు.

ఎస్-10 చక్రాల మధ్య వెడల్పు పాత ట్రక్కుదానికంటే తక్కువ. ఉన్నవి ఉన్నట్టు బిగిస్తే చక్రాలు మడ్‌గార్డుల లోపలికి ముడుచుకుపోయి, ఇంత దిట్టమైన బాడీ సన్నని కాళ్ళ మీద నిలబడినట్టు కనబడుతుంది. హబ్బుకూ చక్రానికీ మధ్య అల్యూమినియం స్పేసర్లు వేసేవారు ఎక్కువ. మేము లోపలి లోతు తక్కువగా ఉన్న చక్రాలు తెప్పించాము, ఎందుకంటే అదనపు బోల్టుల వరుస ఒకటి తగ్గుతుంది. ఏ పద్ధతిలోనైనా టైరు బయటికి జరిగిన మేర బేరింగు మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు కొంత గట్టిపడుతుంది. కనుక అవసరమైన దానికంటే పావు అంగుళం కూడా ఎక్కువ జరపకూడదు.

క్యాబిన్ ఆనుకునే బ్రాకెట్లను 3/16 అంగుళాల మందం పలకతో పెట్టెలుగా కట్టి ఛాసిస్‌కు వెల్డ్ చేశాము. క్యాబిన్‌కూ వాటికీ మధ్య రబ్బరు బుష్షులు ఉంటాయి. పాత బండిలో క్యాబిన్ వెనుక ఆనులు షాకిళ్ల మీద, అంటే కదిలే ఉక్కు లంకెల మీద ఊగేవి, ఛాసిస్ మెలిక తిరిగినా క్యాబిన్ చీలకుండా ఆనాటి ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అది. రబ్బరు ఆ పనిని చాలావరకు చేస్తుంది. క్యాబిన్‌ను నేరుగా ఛాసిస్‌కు వెల్డ్ చేసిన బండ్లను నేను చూశాను. కొన్నాళ్ళకే వాటి తలుపుల స్తంభాల దగ్గర రేకు చిట్లుతుంది.

బ్రేకుల విషయంలోనూ బాడీని కాపాడే దారి ఒకటి ఉంది. ఎస్-10లో బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరు, కాలి ఒత్తిడిని పెంచే బూస్టరు ఇంజన్ వెనుక రేకుకు బిగించి ఉంటాయి. పాత ట్రక్కులో పెడలు నేల రేకు నుండి పైకి వస్తుంది, సిలిండరు నేల కింద ఉంటుంది. మేము పాత పద్ధతినే ఉంచి, రెండు దారుల కొత్త సిలిండరునూ 7 అంగుళాల బూస్టరునూ ఛాసిస్‌కు బిగించాము. అయితే సిలిండరు చక్రాల బ్రేకుల కంటే కిందికి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది. అది జారకుండా ముందు డిస్కుల గొట్టంలో చదరపు అంగుళానికి 2 పౌండ్ల ఒత్తిడి నిలిపే వాల్వు, వెనుక డ్రమ్ముల గొట్టంలో 10 పౌండ్లది వేయాలి. ఇవి తారుమారైతే ముందు డిస్కులు ఎప్పుడూ పట్టుకునే ఉండి కాలిపోతాయి.

పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలి నుండి పోవడం ఈ మార్పులో నాకు అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చింది. ఎస్-10 ట్యాంకు తొట్టి కింద, ఎడమ ఛాసిస్ పట్టీ పక్కన ఉంటుంది. పెట్రోలు పోసే నోరు కోసం తొట్టి పక్క రేకుకు రంధ్రం చేసేవారున్నారు. మేము తొట్టి చెక్క నేలలో ఒక పలకను మడతబందులతో పైకి లేచేలా చేసి, దాని కింద ఆ నోటిని ఉంచాము. తొట్టి వెనుక భాగంలో కొత్త ఛాసిస్ ఇరుసు మీదుగా పైకి వంగుతుంది కనుక చెక్క నేలను కాస్త పైకి లేపవలసి వచ్చింది. పక్క రేకులకు మాత్రం ఒక్క కోతా పడలేదు.

వైరింగుకు ఓపిక కావాలి. పాతది 6 వోల్టులది, కొత్తది 12 వోల్టులది. పాత పెట్రోలు మీటరు 0 నుండి 30 ఓంల సెన్సరుకు తయారైంది, 1998 ట్యాంకులోని సెన్సరు 40 నుండి 250 ఓంలది, మధ్యలో మార్చే చిన్న పెట్టె లేకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. కొత్త ఇంజన్ కంప్యూటరుకు దొంగతనం జరగకుండా చూసే ఏర్పాటు ఉంటుంది. పాత తాళంతో స్టార్టు చేస్తే దానికి సంకేతం అందదు, ఇంజన్ కాసేపటికే ఆగిపోతుంది. ఆ ఏర్పాటును ప్రోగ్రాములోనే తీయించాలి.

కొత్త ఛాసిస్ వల్ల బండి బాగా ఆగుతుంది, నిలకడగా తిరుగుతుంది, గుద్దుకున్నప్పుడు కుదించుకునే స్టీరింగు కాలమ్ కూడా వస్తుంది. ఎయిర్‌బ్యాగులు రావు, క్యాబిన్ రేకు 1953 నాటిదే. మా ట్రక్కుకు సీటుబెల్టులు పుట్టుకతో లేవు. వాటిని పలుచని నేల రేకుకు వాషరు వేసి బిగించకూడదు, కింద మందపాటి పలకలు వేసి, వీలైన చోట ఛాసిస్ దాకా కలపాలి. ఈ ఒక్క పనిలో ఖర్చు తగ్గించుకునే ఆలోచన చేయవద్దు.

చివరిగా కాగితాలు. అమెరికాలో బండి గుర్తింపు సంఖ్య పలకను తీసి మరో చోట అతికించడం, చెరిపేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కావచ్చు. ఇలా రెండు బండ్లు కలిసినదాన్ని బాడీ పేరుతో నమోదు చేయాలా, ఛాసిస్ పేరుతోనా, లేక కొత్తగా కూర్చిన బండిగానా అన్నది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. రెండు బండ్ల టైటిళ్ళూ (యాజమాన్య పత్రాలు), కొన్న ప్రతి భాగం రసీదూ, పని జరుగుతున్నప్పటి ఫొటోలూ దాచుకుని, రంపం పట్టుకోకముందే స్థానిక కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

హైదరాబాదు నుండి, గుంటూరు నుండి ఇదే పని అక్కడ చేయవచ్చా అని అడుగుతున్నవారికి: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు) వాహనాల నిబంధనలు 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకూ కార్లకూ ప్రత్యేక నమోదు ఇస్తున్నాయిగానీ, ఛాసిస్, బాడీ, ఇంజన్ గణనీయంగా మార్చనివాటికే. కాబట్టి అక్కడ పాత పికప్ దొరికితే దాని సొంత ఛాసిస్‌నే బాగు చేయించుకోవడమే సరైన దారి. అందుకు కావలసిన కమాన్ కట్టల పనికీ, రివెట్ల పనికీ మన ఆటోనగర్లలో చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు.